కథ విన్న తరువాత ఏం చెప్పాలి?



వార్షికోత్సవ సంచికకు ఉపయోగపడే పాఠం లాంటిది ఏదైనా రాయమని మమ్మల్ని అడిగారు. పోటీ పరీక్షలకు ఎలా చదవాలో ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. కనుక మేము ఇంకొక విషయం ఎంచుకున్నాము. రెండు సంవత్సరాలుగా వార్డెన్ గారి అనుమతితో ఆదివారం రాత్రి భోజనాలయ్యాక హాస్టలు మిద్దె మీద ఏడెనిమిది మందిమి కూర్చుని షార్ట్ ఫిలింల కోసం కథలు చెప్పుకుంటున్నాము. మాలో కొందరం ఇప్పుడు పీజీకి వెళ్ళినా ఆదివారం మాత్రం ఈ మిద్దె మీదికే వస్తాము. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్ళు విని అభిప్రాయం చెబుతారు. కథ ఎలా చెప్పాలో నేర్పేవాళ్ళు చాలామంది దొరికారు గానీ, విన్నవాడు ఏం మాట్లాడాలో నేర్పేవాళ్ళు మాకు దొరకలేదు. తప్పులు చేసి మేము నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాము.

లైన్ అంటే ఏమిటి?

సినిమావాళ్ళ భాషలో ‘లైన్’ అంటే మొత్తం కథను రెండు మూడు వాక్యాల్లో చెప్పడం. ‘ఒక లైన్ ఉంది, వింటారా?’ అని అడుగుతారు. లైన్‌ని పెంచితే ఒకటి రెండు పేజీల కథాసంగ్రహం అవుతుంది. ఆ తరువాత ఏ సీను వెనుక ఏ సీను వస్తుందో వరుసగా రాసుకుంటారు. దాన్ని సీన్ ఆర్డర్ అంటారు. చివరికి ప్రతి సీను ఎక్కడ జరుగుతోంది, పగలా రాత్రా, ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, ఏం మాట్లాడుతున్నారు అని వివరంగా రాసేదే స్క్రీన్‌ప్లే. స్క్రీన్‌ప్లేలో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం అని లెక్క. అంటే పది నిమిషాల షార్ట్ ఫిలింకి పది పేజీలు.

ఉదాహరణకు, వేణు యెల్దండి దర్శకత్వంలో 2023లో వచ్చిన ‘బలగం’ సినిమాను తీసుకుందాం. ఊళ్ళో తాత చనిపోయాడు. పెట్టిన పిండాన్ని కాకి ముట్టడం లేదు. తాత మనసులో ఏ కొరత మిగిలిపోయిందో ఇంటివాళ్ళు తెలుసుకోవాలి. ఈ మూడు చిన్న వాక్యాల్లోనే ఎవరి కథ, వాళ్ళకు ఏం కావాలి, అడ్డం ఏమిటి అన్నీ ఉన్నాయి. పైగా ఆ అడ్డం కాకి రూపంలో కంటికి కనబడుతుంది.

లైన్ దశలో తప్పు దొరికితే ఒక వాక్యం మార్చుకుంటే సరిపోతుంది. షూటింగ్ అయ్యాక దొరికితే అడిగి తెచ్చుకున్న ఫోను, మిత్రులు మనకిచ్చిన ఆదివారాలు, బస్సు చార్జీలు అన్నీ దండగ. కాబట్టి అభిప్రాయం చెప్పాల్సింది లైన్ దశలోనే. అయితే ఆ దశలో కథ మొలక లాంటిది. నీళ్ళు పోసే చెయ్యే తొక్కేయగలదు కూడా.

మేము చేసిన తప్పు

మొదటి సంవత్సరం సంక్రాంతి సెలవులయ్యాక తొమ్మిదో తరగతి చదివే ఒక తమ్ముడు మా దగ్గరకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. వాళ్ళది కర్నూలు జిల్లా పడమటి వైపు ఊరు. ఆ మండలాల నుంచి ప్రతి సంవత్సరం పత్తి, మిరప పనులకు గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే వలస వెళతాయి. రెండు వారాలు ఏమీ మాట్లాడకుండా విన్నాడు. మూడో వారం ‘అన్నా, నా కాడ కూడా ఒకటుంది’ అన్నాడు.

‘ఒక పిల్లోడు సంక్రాంతి సెలవులకు హాస్టల్ నుంచి ఊరికి పోతాడన్నా. ఇంటికి తాళం ఏసి ఉంటాది. అంతే.’

‘అంతేనా?’ అని ఒకరు నవ్వారు. మేమందరమూ నవ్వాము. ఆ తరువాత సలహాలు మొదలయ్యాయి. ఒకరు అందులో భూస్వామిని పెట్టమన్నారు. అతనే ఆ కుటుంబాన్ని ఊరి నుంచి వెళ్ళగొట్టాడన్నమాట. ఇంకొకరు ఆ పిల్లాడు పెద్దయి కలెక్టరై జీపులో అదే ఊళ్ళో దిగినట్టు క్లైమాక్స్ చెప్పారు. మరొకరు చెల్లెలి పాత్రను కలిపి ఆమెకు జబ్బు తెప్పించారు. అరగంటలో భలే కథ తయారైందని మాకు మేమే చప్పట్లు కొట్టుకున్నాము. ఆ కథలో తాళం మాత్రం లేదు. తమ్ముడు ‘బాగుందన్నా’ అని దుప్పటి దులుపుకుని కిందికి వెళ్ళిపోయాడు. తరువాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు.

అతను రావడం లేదని మేము గమనించడానికే నెల పట్టింది. అప్పుడు మాలో ఒకరు లెక్క వేశారు. అతను మాట్లాడింది అర నిమిషం, మేము మాట్లాడింది అరగంట. అతని కథ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మా ఇళ్ళలో మొట్టమొదట డిగ్రీ దాకా వచ్చినవాళ్ళం మేమే. ‘నీకేం తెలుసు, కూర్చో’ అనే మాట బడిలో, బ్యాంకులో, ఆఫీసుల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అదే మాటను నవ్వుతూ, సలహాల రూపంలో మా సొంత తమ్ముడికి చెప్పామని తెలిసి చాలా సిగ్గుపడ్డాము.

మేము రాసుకున్న నియమాలు

ఆ తరువాత ఒక లాంగ్ నోట్‌బుక్ కొని మొదటి పేజీలో ఈ నియమాలు రాసుకున్నాము.

1. పూర్తిగా వినాలి. చెప్పేవాడు ‘అయిపోయింది’ అనేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. మధ్యలో ఆగితే ఆగనివ్వాలి. చాలాసార్లు గొంతు ఆగిన చోటే అసలు కథ ఉంటుంది.

2. విన్నది తిరిగి చెప్పాలి. ‘నాకు అర్థమైన కథ ఇది’ అని ఇద్దరు ముగ్గురు తలా రెండు వాక్యాల్లో చెప్పాలి. అందరూ ఒకే కథ చెబితే లైన్ స్పష్టంగా ఉన్నట్టు. ఒకరు అన్నదమ్ముల కథ అని, ఇంకొకరు పొలం కథ అని చెబితే లోపం ఎక్కడుందో చెప్పినవాడికే తెలిసిపోతుంది. మనం ప్రత్యేకంగా ఎత్తిచూపనక్కరలేదు.

3. మనసులో నిలిచిపోయిన దృశ్యం చెప్పాలి. ‘బాగుంది’ అంటే ఏది బాగుందో తెలియదు. ‘అవ్వ పింఛను డబ్బులు కొంగున ముడివేసుకోవడం కళ్ళకు కట్టింది’ అంటే ఆ సీను తీసేయకూడదని చెప్పినవాడికి తెలుస్తుంది.

4. ఎక్కడ దారి తప్పామో చెప్పాలి. ‘బోరు కొట్టింది’ అన్నది తీర్పు. ‘మామ వచ్చిన తరువాత ఎవరు ఎవరికి బాకీనో నాకు అర్థం కాలేదు’ అంటే ఎక్కడ సరిచేసుకోవాలో చెప్పినట్టు. డాక్టరు దగ్గర కూడా ‘ఒంట్లో బాగాలేదు’ అంటే చాలదు, నొప్పి ఎక్కడో చెప్పాలి కదా.

5. ప్రశ్నలు అడగాలి. మేము ఐదు ప్రశ్నలు పెట్టుకున్నాము. ఈ కథ ఎవరిది? అతనికి ఏం కావాలి? దానికి అడ్డం ఏమిటి? అది దొరక్కపోతే అతనికి ఏం నష్టం? ఇదంతా ఈ రోజే ఎందుకు జరుగుతోంది? ఐదింటికీ జవాబులు అప్పుడే చెప్పాలని లేదు. ‘ఆలోచించి చెబుతా’ అన్నా మంచి జవాబే.

6. అడగకుండా మందు రాయకూడదు. చెప్పినవాడు ‘ఏం చేస్తే బాగుంటుంది?’ అని అడిగితేనే సలహా ఇవ్వాలి. అది కూడా మనిషికి ఒక్కటే. లేకపోతే మా కలెక్టరు జీపు కథలాగే అవుతుంది.

7. ‘ఇది నీ కథేనా?’ అని అడగకూడదు. మనలో చాలామంది కథల్లో అమ్మానాన్నల కూలి ఉంటుంది, అప్పు ఉంటుంది, కులం పేరుతో పడిన మాట ఉంటుంది. పాత్ర పేరు పెట్టుకుని చెబితేనే కొన్ని నోట్లోంచి బయటికి వస్తాయి. ఆ పేరు అతనికి గొడుగు లాంటిది. దాన్ని మనం లాగేయకూడదు. ‘ఆ పిల్లాడు’ అని అతను అంటే మనమూ ‘ఆ పిల్లాడు’ అనే మాట్లాడాలి.

8. తేదీ, చెప్పినవాడి పేరు, లైన్ నోట్‌బుక్‌లో రాయాలి. ఎవరు ఎన్ని సలహాలు ఇచ్చినా కథ చెప్పినవాడిదే. అతని అనుమతి లేకుండా బయట ఎక్కడా చెప్పకూడదు.

తెర మీద కనబడుతుందా?

కథకు చెప్పే అభిప్రాయానికీ, స్క్రీన్‌ప్లే కోసం వచ్చిన లైన్‌కి చెప్పే అభిప్రాయానికీ ఒక తేడా ఉంది. కథలో ‘వాడికి చాలా ఆకలిగా ఉంది’ అని రాస్తే చాలు. తెర మీద ఆకలి కనబడాలి, లేదా వినబడాలి. కనుక లైన్ విన్నప్పుడు ‘బాధపడ్డాడు’, ‘మారిపోయాడు’, ‘గ్రహించాడు’ అనే మాటలు వస్తే, ‘అది మాకు ఎలా కనబడుతుంది?’ అని అడగాలి.

ప్రేమ్‌చంద్ రాసిన ‘కఫన్’ కథను బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’ పేరుతో తెలుగులోనే సినిమాగా తీశారు. ప్రేమ్‌చంద్ కథ మొదట్లో గుడిసె లోపల కోడలు పురిటి నొప్పులతో అల్లాడుతుంటుంది. బయట మంట దగ్గర మామ, భర్త బంగాళాదుంపలు కాల్చుకుని తింటుంటారు. లోపలికి వెళ్ళి చూడమని తండ్రి అంటే కొడుకు లేవడు. తాను లేస్తే దుంపల్లో ఎక్కువ భాగం తండ్రి తినేస్తాడని అతని భయం. ఆకలి మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి అక్కడ ఉపన్యాసం అక్కరలేదు. మంట, దుంపలు, లేవని కొడుకు చాలు.

మరాఠీ దర్శకుడు నాగరాజ్ మంజులే తీసిన ‘ఫ్యాండ్రీ’ 2013లో వచ్చింది. అందులో జబ్యా అనే దళిత విద్యార్థి తన తోటి పిల్లలు చూస్తుండగా ఇంటివాళ్ళతో కలిసి పందిని పట్టాల్సి వస్తుంది. పందిని తరుముతుండగా బడిలో జాతీయగీతం మొదలవుతుంది. కదలకుండా నిలబడిపోతారు. పంది తప్పించుకుపోతుంది. ఈ సీను గురించి మా మిద్దె మీద ఒక రాత్రంతా మాట్లాడుకున్నాము. లైన్ దశలో మాలాంటివాళ్ళు ఎవరైనా విని ‘పందుల్ని పట్టే కథ ఎవరు చూస్తారు?’ అని ఉంటే ఏమయ్యేది? ఆ సినిమాకు జాతీయ అవార్డు వచ్చింది. అవార్డు రాకపోయినా అది చెప్పాల్సిన కథే.

మాటల్లో చెప్పలేనివాళ్ళు బొమ్మలు వేసి చెప్పవచ్చు. సత్యజిత్ రే ‘పథేర్ పాంచాలి’ (1955) తీయడానికి ముందు పూర్తి స్క్రీన్‌ప్లే రాసుకోలేదు. సీన్లను బొమ్మలుగా గీసుకుని, పక్కన నోట్సు రాసుకున్నారు. కనుక రఫ్ నోటులో నాలుగు గళ్ళు గీసి బొమ్మలు వేసినా అది లైన్ చెప్పడమే అని మేము ఒప్పుకున్నాము.

అనకూడని మూడు మాటలు

మొదటిది, ‘ఇది ఆల్రెడీ వచ్చేసింది.’ శరత్ ‘దేవదాసు’ ఎన్ని భాషల్లో ఎన్నిసార్లు సినిమాగా వచ్చిందో మనకు తెలుసు. తెలుగులో 1953లో అక్కినేని నాగేశ్వరరావు నటించినది ఈనాటికీ చూస్తున్నారు. పోలిక కనబడితే, ‘ఫలానా సినిమా గుర్తొచ్చింది. దానికీ నీ కథకూ తేడా ఏమిటి?’ అని అడగండి. ఆ తేడా చెప్పేటప్పుడే అతనికి తన కథ తెలుస్తుంది.

రెండోది, ‘ఇది సినిమాకి పనికిరాదు.’ పనికి వస్తుందో రాదో తీసేదాకా ఎవరికీ తెలియదు. మనకు కలిగిన సందేహం ఏమిటో అది చెబితే చాలు.

మూడోది, ‘సూపర్ రా!’ వినడానికి తియ్యగా ఉంటుంది. కానీ అది విని ఇంటికి వెళ్ళినవాడికి రేపు పొద్దున ఏ వాక్యం దిద్దుకోవాలో తెలియదు. జూనియర్‌ని నొప్పించకూడదని మెచ్చుకోలు మాత్రమే చెప్పడం కూడా ఒక రకంగా చిన్నచూపే. అతను దిద్దుకోగలడన్న నమ్మకం ఉంటేనే మనం అనుమానాలు చెబుతాము.

కథ చెప్పినవాళ్ళకు కూడా ఒక మాట. అభిప్రాయాలు వింటున్నప్పుడు వాదించకండి. ‘అది కాదన్నా, నా ఉద్దేశం ఏమంటే...’ అని మొదలుపెడితే ఆ ఉద్దేశం లైన్‌లోకి రాలేదని అర్థం. అన్నీ రాసుకుని ఒక రాత్రి ఆగండి. ఒక్కరే చెప్పింది మీకు నచ్చకపోతే వదిలేయవచ్చు. ముగ్గురు ఒకే చోట తడబడితే ఆ చోటు మళ్ళీ చూసుకోవాలి.

తాళం కథ మళ్ళీ విన్నాము

నియమాలు రాసుకున్నాక మాలో ఇద్దరం ఆ తమ్ముడి గదికి వెళ్ళి, ‘ఆ రోజు నీ కథ మేము వినలేదు. మళ్ళీ చెబుతావా?’ అని అడిగాము. ట్రంకు పెట్టె మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాడు. ‘చూస్తాలే అన్నా’ అన్నాడు. రెండు వారాలయ్యాక వచ్చాడు. మళ్ళీ అదే లైన్ చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకరు దాన్ని తిరిగి చెప్పారు. ఇంకొకరు ‘నాకు తాళం కనబడుతోంది’ అన్నారు. తరువాత ప్రశ్నలు.

‘తాళం చూసి ఆ పిల్లాడు మొదట ఏం చేశాడు?’

‘చూరులో చెయ్యి పెట్టినాడన్నా. తాళంచెవి ఎప్పుడూ ఆడనే ఉంటాది. ఈసారి లేదు.’

‘మరి ఎక్కడుంది?’

‘పక్కింటి అవ్వ కాడ ఉంది. అవ్వకూ వాళ్ళమ్మకూ మాటల్లేవు.’

‘మాటల్లేని మనిషికి తాళంచెవి ఎందుకిచ్చింది?’

‘ఊర్లో ఇంకెవరున్నారన్నా? అందరూ సుగ్గికి పోయినారు గదా.’

మేమందరం ఎనిమిది బుర్రలు కలిపినా ఆ జవాబు కల్పించలేకపోయేవాళ్ళం. ఊరంతా వలస పోయింది. పండగ పూట ఊళ్ళో మిగిలింది ఒక పిల్లాడు, వాళ్ళమ్మతో మాటల్లేని ఒక అవ్వ. ఎవరి కథో, ఏం కావాలో, అడ్డం ఏమిటో, ఈ రోజే ఎందుకో అన్నీ అందులోనే ఉన్నాయి. మొదటిరోజు కూడా ఉన్నాయి. మేము అడగలేదు, అంతే.

‘తాళం తీశాక లోపల ఏం కనబడింది?’ అని అడిగితే ‘ఆలోచించి చెబుతానన్నా’ అన్నాడు. వారం తరువాత వచ్చి, ఆ పిల్లాడు తాళం తియ్యడన్నాడు. అవ్వ అరుగు మీదనే తిని, అక్కడనే పడుకుని, సెలవులు అయిపోగానే తాళంచెవి జేబులో వేసుకుని హాస్టలుకు తిరిగి వచ్చేస్తాడట.

మాకు అర్థం కాలేదు. నాలుగో నియమం ప్రకారం ఆ చోటు చెప్పాము. ‘మరి అమ్మానాన్న సుగ్గి నుంచి తిరిగొస్తే ఇంట్లోకి ఎట్లా పోతారు? అక్కడ మేము దారి తప్పాము’ అన్నాము.

‘అందుకే తెచ్చుకుంటాడన్నా. వాళ్ళు వాని కాడికి రావాల గదా.’

మిద్దె మీద ఎవరమూ మాట్లాడలేదు. నోట్‌బుక్ పట్టుకున్న మిత్రుడు ఆ వాక్యాన్ని అలాగే రాసుకున్నాడు. ఒకరికి మాత్రం చివర్లో అమ్మానాన్న హాస్టలు గేటు దగ్గర నిలబడినట్టు చూపిస్తే బాగుండునని ఉంది. ఆరో నియమం గుర్తొచ్చి ఆ మాట మింగేశారు. తరువాత ఎప్పుడో తమ్ముడే అడిగితే చెప్పారు. అతను ఆలోచించి ‘వద్దన్నా’ అన్నాడు. సరే అన్నాము.

ఇప్పుడు అతను పదో తరగతిలో ఉన్నాడు. స్క్రీన్‌ప్లే ఎనిమిది పేజీలు రాశాడు. అవ్వ మాట్లాడే మూడో సీను ఇంకా కుదరలేదు. దాని మీద చర్చ నడుస్తోంది. పరీక్షలయ్యాక తీయాలని అనుకుంటున్నాము. తన కథను ఈ పాఠంలో ఉదాహరణగా రాయడానికి ఒప్పుకున్నాడు. పేరు వద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. అది అతని ఇంటి సంగతేనా అని మేము ఇప్పటికీ అడగలేదు.

అభ్యాసం

ఈ కింది మూడు లైన్లు మేము సాధన కోసం రాసుకున్నవి. మీ గదిలో ఒకరు చదవండి, మిగిలినవాళ్ళు పైన చెప్పిన పద్ధతిలో అభిప్రాయం చెప్పండి.

1. స్కాలర్‌షిప్ కోసం తండ్రి సంతకం కావాలి. వేలిముద్ర వేసే తండ్రి, కొడుకు ముందు సంతకం నేర్చుకుంటానని పట్టుబడతాడు. గడువుకు ఒక్క రోజే ఉంది.

2. హాస్టల్లో వంట చేసే అక్క కొడుకు వేరే హాస్టల్లో చదువుతున్నాడు. అతనికి జ్వరమని కబురొచ్చింది. రాత్రి వంటకు ఇక్కడ వంద మంది ఎదురుచూస్తున్నారు.

3. ఇద్దరు స్నేహితులకు కలిపి ఒకటే మంచి చొక్కా ఉంది. ఇద్దరికీ ఒకే రోజు ఇంటర్వ్యూ వచ్చింది.

సలహా ఇవ్వాలని నోరు దురద పెడితే ముందు ఒక ప్రశ్న అడగండి. మొదటి లైన్‌లో ఆ తండ్రి ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడే ఎందుకు సంతకం నేర్చుకోవాలనుకున్నాడు? జవాబు చెప్పే అవకాశం కథ చెప్పినవాడికే వదిలిపెట్టండి.

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీదికి రండి. మీ దగ్గర కథ లేకపోయినా ఫరవాలేదు. వినేవాళ్ళు కూడా కావాలి.